కొర్లగుంటలో అరవై మూడు తాళాలు

పాత సిస్టం ఫ్యాను వారం నుంచి
ముసలి గానుగెద్దులా మూలుగుతా ఉంది.
ఏ పొద్దయినా ఆగిపోవచ్చు.
దాని కడుపులో
నావి కాని తాళాలు అరవై మూడు.

కొర్లగుంటలో నాది ఇంత జెరాక్స్ అంగడి.
రెండు స్టూళ్ళు, ఒక గమ్ము సీసా.
అప్లికేషన్ పెట్టను వచ్చినోళ్ళందరిదీ
పాస్‌వర్డ్ కాడికొచ్చేసరికి ఒకటే మాట:
"నువ్వే పెట్టి నువ్వే పెట్టుకోక్కా,
నాకు గుర్తుండి చస్తే గదా!"

మొదట్లో పొడుగు నోటుబుక్కులో రాసేదాన్ని.
ఒక వానకి కప్పు కారి
పద్నాలుగు మంది పింఛన్లు నీలం మరకైపోయినాయి.
అప్పట్నుంచి అన్నీ ఒకే పెట్టెలో.
పెట్టెకి ఒకే తాళం.
తాళం చెవి నా నోట్లో.

కొత్త సిస్టం వచ్చింది, ఇంక మార్చాల.
"వాట్సాప్‌లో నీకు నువ్వే పంపుకో అత్తా,
అర నిమిషం పని" అన్నాడు మా ఢిల్లీబాబు.
నడివీధిలో చీర మార్చుకోమన్నట్టుంది
వాడి సలహా.

రాత్రి షట్టర్ సగం దించి
ముందు నెట్ వైరు పీకేసినా.
ఎక్స్‌పోర్ట్ నొక్కితే
అదే నన్ను హెచ్చరించింది,
ఈ ఫైలుకి ఏ కాపలా లేదు, చూసినోళ్ళంతా చదవగలరని.

తెరిచినా.
గంగజాతర అయిపోయిన రాత్రి
కొళాయి కింద మొహాలు కడుక్కునే వేషగాళ్ళలా,
సుద్ద, కుంకం, బొగ్గు, అన్నీ కారిపోయి
ఒకరెనక ఒకరు నిలబడి ఉండారు.
ఓహో, మాతంగి మన టైలరు.
బైరాగి మన పాలాయన.

చదవకూడదు. చదివినా.

ఇడ్లీబండి రెడ్డెమ్మ పాస్‌వర్డు
ఆమెను వదిలేసి పోయినోడి పేరే.

పూలంగడి దామోదరం నాయుణ్ణి
గుర్తుండేది ఏదన్నా చెప్పు పెదనాయనా అంటే
ఆ పొద్దు కనకాంబరం ధర చెప్పినాడు.
మూర ముప్పై ఐదు.
(అది కాదులే. మీకు చెప్పేస్తానా?
ధర మార్చి చెప్పినా.)
ఆయన పోయి రెండేళ్ళు.
బజార్లో కనకాంబరం ఎక్కడికో పోయింది,
నా దగ్గర మాత్రం అదే ధర.
తీసేద్దామని వేలు పెట్టి
వేలే తీసేసుకున్నా.

అంతలో కరెంటు పోయింది.
యూపీఎస్ కీచుమంటా ఉంది, పది నిమిషాలే బతుకు.
ఫైలుకి మళ్ళీ వేషం కట్టినా,
కన్నతల్లి కూడా పోల్చుకోలేనంత.
రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించినా,
ఒకటి నమ్మకానికి, ఒకటి అపనమ్మకానికి.
కరెంటు వచ్చినాక
కొత్త దాంట్లో విప్పి లెక్కపెట్టినా.

అరవై రెండు.

నీళ్ళు తాగి మళ్ళీ లెక్కపెట్టినా.
అరవై రెండే.

ఎవరు జారిపోయింది?
పన్నెండున్నర దాకా వేలు పెట్టి వెతికితే
చెంగల్రాయుడు.
ఆయన పేరుకీ వాళ్ళ నాయన పేరుకీ మధ్య
నేనే పెట్టిన కామా.
దాని కాడ మనిషి రెండు ముక్కలై
ఏ గడిలోనూ పట్టక పడిపోయినాడు.
పుత్తూరు కట్టు కట్టినట్టు
చేత్తో ముక్కలు చేర్చి బిగించినా.

అరవై మూడు.

అప్పుడు చెరిపినా వేషం లేని ఫైలుని,
అక్కడా, ఇక్కడా, చెత్తబుట్టలోనూ.
ముందే చెరిపుంటే
చెంగల్రాయుడికి నేనేం జవాబు చెప్పేది?

ఒక పెన్‌డ్రైవు కుట్టుమిషన్ సొరుగులో.
ఇంకొకటి చంద్రగిరిలో మా వదిన దగ్గర.
ఇదేందని అడగలేదు, ఆమె గొప్పతనం అదే.
తాళం మాట మాత్రం ఆమెకివ్వలేదు.
పెట్టె ఒక ఊర్లో ఉంటే చెవి ఒక ఊర్లో ఉండాల.
కాగితం మీద రాసి, మడిచి, అంటించి
నా ఎల్‌ఐసీ బాండు మడతలో పెట్టినా.
నేను పోయినాక
తప్పకుండా తెరిచే కాగితం అదొక్కటే.

తెల్లారి రెడ్డెమ్మ వచ్చింది, చేతికి పిండితో.
నీది మార్చేద్దామా అన్నా.
ఎందుకని అడగలేదు, ఊ అంది.
సిస్టమే ఎంచి ఇచ్చింది,
పద్దెనిమిది అక్షరాలు, అంకెలు, ఒక చుక్క.
కళ్ళు చిట్లించి చాలాసేపు చూసి
"ఇట్ల పిలిస్తే
ఎవరు పలుకుతారక్కా?" అంది.